32,768వ గంట

2019 నవంబరులో హ్యూలెట్ ప్యాకార్డ్ ఎంటర్‌ప్రైజ్ కంపెనీ తన సర్వర్లు కొన్నవాళ్ళకు ఒక హెచ్చరిక పంపింది. తాము అమ్మిన కొన్ని రకాల ఎస్‌ఎస్‌డీలు, అంటే లోపల తిరిగే పళ్ళెం లేని డిస్కులు, సరిగ్గా 32,768 గంటలు పనిచేశాక ఆగిపోతాయని అందులో ఉంది. లెక్క కడితే 3 సంవత్సరాల 270 రోజుల 8 గంటలు. ఆ గంట దాటితే డిస్కూ బతకదు, అందులో ఉన్న డేటా కూడా వెనక్కి రాదు. ఒకే రోజు బిగించిన డిస్కులైతే దాదాపు ఒకేసారి పోవచ్చని కూడా కంపెనీయే రాసింది. కొత్త ఫర్మ్‌వేర్ (డిస్కును లోపలినుంచి నడిపే ప్రోగ్రాము) వెంటనే ఎక్కించుకోమని ప్రాధేయపడినంత పని చేసింది.

కంప్యూటర్లతో పనిచేసేవాళ్ళు ఆ అంకె చూడగానే మొహమొహాలు చూసుకొని ఉంటారు. రెండును పదిహేను సార్లు వేసి గుణిస్తే వచ్చేది 32,768. రుణ సంఖ్యలకు కూడా చోటుంచిన 16 బిట్ల గడిలో పట్టే అతి పెద్ద సంఖ్య 32,767. దానికి ఇంకొకటి కలిపితే లెక్క తిరగబడి రుణ 32,768 అయి కూర్చుంటుంది. డిస్కు ఎన్ని గంటలుగా కరెంటు మీద ఉందో లెక్కపెట్టే గడి ఇలా పొంగిపోయిందని ఇంజనీర్లు ఊహించారు. లోపల ఏదీ అరగలేదు, కాలలేదు, ఎవరూ కింద పడెయ్యలేదు. ఫర్మ్‌వేర్ రాసినవాళ్ళు నాలుగో ఏడు గురించి ఆలోచించలేదు, అంతే.

డిస్కులు పోవడం మామూలే. ఆ హెచ్చరికలో ఆగి చదవాల్సింది ‘ఒకేసారి’ అన్న సంగతి. ఎందుకంటే సర్వర్ అనే యంత్రాన్ని కట్టిందే, ఒకటి పోతే ఇంకొకటి ఆదుకుంటుందన్న నమ్మకం మీద. రెండు పవర్ సప్లైలు, వరసగా ఫ్యాన్లు, నాలుగైదు డిస్కులు, ఒక్కోసారి పక్కనే ఇంకో సర్వరు. రెండూ కలిసి పోతే ఆ ఏర్పాటంతా వృథా. మీసేవ కౌంటరు దగ్గరో రిజిస్ట్రేషన్ ఆఫీసులోనో ‘సర్వర్ డౌన్ అండీ, రేపు రండి’ అన్న మాట విన్నప్పుడు ఒక డిస్కు పోయి ఉంటుందని అనుకుంటాం. ఒక్కటే పోయి ఉంటే ఆ మాట మనదాకా రాకూడదు.

ఈ నమ్మకానికి ఒక పుట్టినిల్లు ఉంది. 1988లో కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం బర్కిలీలో డేవిడ్ ప్యాటర్సన్, గార్త్ గిబ్సన్, రాండీ కాట్జ్ ఒక పరిశోధన పత్రం రాశారు. అప్పట్లో పెద్ద కంప్యూటర్లకు వాడే డిస్కులు విపరీతమైన ఖరీదు. వాటి బదులు పర్సనల్ కంప్యూటర్లలో వాడే చవక డిస్కులు చాలా కలిపి వాడితే వేగం పెరుగుతుంది, ఖర్చు తగ్గుతుంది. చిక్కల్లా, డిస్కులు ఎక్కువైనకొద్దీ వాటిలో ఏదో ఒకటి పోయే అవకాశం కూడా పెరుగుతుంది. దానికి విరుగుడుగా వాళ్ళు వివరించిన పద్ధతులకే రెయిడ్ అని పేరు.

లోపలి కిటుకు చాలా సులువు. కిరాణా కొట్టు చిట్టాలో నాలుగు పద్దులు రాసి, కింద మొత్తం వేశారనుకోండి. నూనె ఒలికి ఒక పద్దు చెరిగిపోయినా ఫరవాలేదు. మొత్తంలోంచి మిగిలిన మూడింటినీ తీసేస్తే చెరిగిన పద్దు బయటపడుతుంది. రెయిడ్ 5 చేసేది ఇదే, కాకపోతే కూడికకు బదులు సున్నా ఒకట్ల మీద ఇంకో తరహా లెక్క వాడుతుంది. ఆ ‘మొత్తాన్ని’ ఒకే డిస్కులో పెట్టకుండా అన్నిటికీ పంచుతుంది. ఒక డిస్కు పోయినా ఆఫీసులో ఎవరికీ తెలియదు, కొంచెం నిదానిస్తుందంతే. రెండు పద్దులు చెరిగితే మాత్రం ఆ మొత్తం ఎందుకూ పనికిరాదు. అందుకే రెయిడ్ 6లో రెండు రకాల మొత్తాలు వేసి పెడతారు. రెయిడ్ 1లో లెక్కల గొడవే లేదు, రెండు డిస్కుల మీదా ఒకటే రాత.

ఇదంతా నిలబడేది ఒకే షరతు మీద: ఒక డిస్కు చావుకూ ఇంకో డిస్కు చావుకూ సంబంధం ఉండకూడదు. కాగితం మీద ఈ షరతు పెడితే లెక్కలు అందంగా వస్తాయి. డిస్కు పెట్టె మీద సగటు ఆయుష్షు 10,00,000 గంటలని రాసి ఉంటుంది, అంటే 114 ఏళ్ళు. డిస్కుల యుగం మొదలైందే 1956లో, ఐబీఎం రామాక్‌తో. అప్పటినుంచి ఆగకుండా తిరిగిన డిస్కు ఉన్నా ఇంకా ఆ వయసుకు రాదు.

2007లో కార్నెగీ మెలన్ విశ్వవిద్యాలయంలో బియాంకా ష్రోడర్, గార్త్ గిబ్సన్ (రెయిడ్ పత్రం రాసిన ముగ్గురిలో ఒకరు) ఆ పెట్టె మీది రాతను నిజం డిస్కులతో సరిచూశారు. పెద్ద పెద్ద కంప్యూటర్ కేంద్రాల్లోని సుమారు లక్ష డిస్కుల రికార్డులు తీసుకున్నారు. తయారీదార్ల లెక్క ప్రకారం ఏడాదికి నూటికి ఒకటి కూడా పోకూడదు. ఎక్కువ చోట్ల రెండు నుంచి నాలుగు దాకా పోయాయి, ఒకచోట పదమూడు దాకా వెళ్ళింది. నాకు ఇంతకన్నా ముఖ్యంగా తోచింది వాళ్ళు గమనించిన రెండో సంగతి. ఒకదానితో ఒకటి సంబంధం లేకుండా పోతుంటే ఒకే గంటలో రెండు డిస్కులు పోయే అవకాశం ఎంత ఉండాలో, వాళ్ళు చూసిన డేటాలో దానికి నాలుగు రెట్లుంది. డిస్కులు జట్టుగా పోతున్నాయి.

ఆలోచిస్తే ఇందులో ఆశ్చర్యమేమీ లేదు. ఒకే బ్యాచ్‌లో తయారయ్యాయి, ఒకే లారీలో గుంతల మీద ఎగిరొచ్చాయి, ఒకే రోజు ఒకే పెట్టెలో బిగించారు, ఒకే ఏసీ కింద, ఒకే కరెంటు మీద, ఒకే పని చేస్తూ వచ్చాయి. వాటిని వేరువేరు డిస్కులని పిలవడం మన మర్యాద.

హ్యూలెట్ ప్యాకార్డ్ హెచ్చరిక వచ్చిన నాలుగు నెలలకు, 2020 మార్చిలో, ఇంకో రకం ఎస్‌ఎస్‌డీల గురించి ఇంకో హెచ్చరిక వచ్చింది. ఈసారి అంకె 40,000 గంటలు. డెల్ సర్వర్లలోనూ అదే జబ్బున్న డిస్కులున్నాయని తేలింది. అందరూ ఫర్మ్‌వేర్ మార్చుకున్నారా అంటే లేదు. 2022 జులైలో, సాఫ్ట్‌వేర్ లోకమంతా చదివే హ్యాకర్ న్యూస్ వెబ్‌సైటు ఆగిపోయింది. ప్రధాన సర్వర్లో డిస్కులు పోయాయి. దానికి తోడుగా ఉంచిన బ్యాకప్ సర్వరు పనిలోకి దిగిన కొన్ని గంటలకే దాని డిస్కులూ పోయాయి. తర్వాత లెక్క చూస్తే అన్నిటి వయసూ 40,000 గంటల దగ్గరే ఉంది. రెండు సర్వర్లూ వేరే, డిస్కులన్నీ వేరే, పుట్టుక ఒకటే.

అందుకే సర్వర్ కొనేటప్పుడు డిస్కులన్నీ వరస నంబర్లతో రాకుండా చూడమని అనుభవజ్ఞులు చెబుతారు. మన దగ్గర సప్లయర్ ఒకే అట్టపెట్టెలోంచి ఎనిమిదీ తీసి ఇస్తాడు. సగం వేరే బ్యాచ్‌లోవి కావాలంటే విచిత్రంగా చూస్తాడు. చూడనివ్వండి. అదీ కుదరకపోతే ఏడాది తిరిగాక ఒకటి రెండు డిస్కులు బాగున్నా తీసి, కొత్తవి పెట్టి, తీసినవి స్పేర్లుగా దాచుకోవచ్చు. వయసుల్లో తేడా తెచ్చినట్టవుతుంది.

ఇక ఒక డిస్కు పోయాక జరిగేది చూద్దాం. అసలు గండం అక్కడే ఉంది. ఎర్ర లైటు వెలిగింది, కొత్త డిస్కు పెట్టారు. రెయిడ్ ఇప్పుడు మిగిలిన డిస్కులన్నిటినీ మొదటినుంచి చివరిదాకా చదివి, పోయిన డిస్కును కొత్తదాని మీద మళ్ళీ రాయాలి. 16 టెరాబైట్ల డిస్కును సెకనుకు 200 మెగాబైట్ల చొప్పున నింపాలంటే 80,000 సెకన్లు, అంటే 22 గంటల పైచిలుకు. అది కూడా సర్వరు వేరే పనేదీ చెయ్యకపోతే. మామూలు ఆఫీసు పని నడుస్తుంటే రెండు మూడు రోజులు పట్టినా పట్టచ్చు. ఆ రోజుల్లో రెయిడ్ 5కు ఇంకే ఆసరా లేదు. ఒకే ఈడు డిస్కులు, మామూలుగా ఎప్పుడూ చెయ్యనంత చాకిరీ ఆ రోజుల్లోనే చేస్తాయి.

డిస్కు మొత్తంగా పోనక్కర్లేదు కూడా. ఇళ్ళల్లో వాడే తరగతి డిస్కుల కాగితాల మీద, 10ని 14 సార్లు గుణించినన్ని బిట్లు చదివితే ఒకచోట చదవలేకపోవచ్చని రాసి ఉంటుంది. బైట్లలోకి మారిస్తే 12.5 టెరాబైట్లు. నాలుగు 4 టెరాబైట్ల డిస్కులతో రెయిడ్ 5 కట్టినవాడికి ఒకటి పోతే, మిగిలిన మూడింటిలోంచి 12 టెరాబైట్లు చదవాలి. నిజం డిస్కులు ఆ కాగితం కన్నా బాగానే చదువుతాయి కాబట్టి ప్రతిసారీ దెబ్బ తగలదు. అయినా ఇవాళ్టి డిస్కుల సైజులకు రెయిడ్ 5 పెట్టమని నేనైతే ఎవరికీ చెప్పను. రెయిడ్ 6 పెట్టుకోవాలి. దాంతోపాటు డిస్కులన్నిటినీ అప్పుడప్పుడూ ఖాళీ వేళల్లో మొత్తం చదివించే ఏర్పాటు దాదాపు ప్రతి రెయిడ్ కంట్రోలర్లోనూ ఉంటుంది, చాలావాటిలో దాని పేరు పాట్రోల్ రీడ్. దాన్ని ఆన్ చేసి పెట్టాలి. రెండేళ్ళుగా ఎవరూ తెరవని ఫైలు కింద సెక్టారు (డిస్కు మీద డేటా రాసే చిన్న గడి) పాడైన సంగతి, వేరే డిస్కు పోయిన రోజున తెలియడం కన్నా ఘోరం లేదు.

డిస్కు ముందుగా చెప్పి పోతుందా? కొంతవరకు. ప్రతి డిస్కూ స్మార్ట్ అనే పేరుతో తన ఆరోగ్యం లెక్కలు తానే రాసుకుంటుంది: ఎన్ని సెక్టార్లు పాడై పక్కన పెట్టింది, ఎన్నిసార్లు చదవలేకపోయింది, ఎన్ని గంటలు తిరిగింది. 2007లోనే గూగుల్ ఇంజనీర్లు తమ దగ్గరున్న లక్షకు పైగా డిస్కుల లెక్కలు ప్రచురించారు. మొదటి స్కాన్ ఎర్రర్ కనిపించిన డిస్కు తర్వాతి 60 రోజుల్లో పోయే అవకాశం, ఏ ఎర్రరూ లేనిదాని కన్నా 39 రెట్లు ఎక్కువట. కాబట్టి ‘ఒక్క ఎర్రరే కదా’ అని వదిలెయ్యకూడదు. అదే పత్రంలో ఇంకో సంగతి ఉంది. పోయిన డిస్కుల్లో సగానికి పైగా, ముఖ్యమైన నాలుగు సూచికల్లో దేనిలోనూ చిన్న మచ్చ కూడా చూపించకుండా పోయాయి. స్మార్ట్ పచ్చగా ఉందంటే డిస్కు బాగుందని అర్థం కాదు, అది ఇంకా ఏమీ చెప్పలేదని అర్థం.

తిరిగే డిస్కు ఎంత సున్నితమైనదో ఒకసారి ఊహించుకోవడం మంచిది. నిమిషానికి 7,200 సార్లు తిరిగే మూడున్నర అంగుళాల డిస్కు అంచు గంటకు దాదాపు 130 కిలోమీటర్ల వేగంతో పోతుంటుంది. దాని మీద చదివే తల కొద్ది నానోమీటర్ల ఎత్తులో తేలుతుంది. 2008లో సన్ మైక్రోసిస్టమ్స్ ఇంజనీరు బ్రెండన్ గ్రెగ్ డిస్కుల బీరువా ముందు నిలబడి గట్టిగా అరిచాడు; అరిచినప్పుడల్లా డిస్కుల జవాబు ఆలస్యమవడం గ్రాఫులో కనబడింది. ఆ వీడియో చూసి నవ్వుకున్నవాళ్ళు 2016 సెప్టెంబరు 10న బుకారెస్ట్‌లో జరిగింది విన్నాక నవ్వలేదు. అక్కడి ఐఎన్‌జీ బ్యాంకు డేటా సెంటర్లో మంటలార్పే గ్యాసు వ్యవస్థను పరీక్షించారు. నిప్పు లేదు, నీళ్ళు లేవు. గ్యాసు ఒక్కుమ్మడిగా బయటికి తన్నిన చప్పుడు 130 డెసిబెల్స్ దాటి, పదుల కొద్దీ డిస్కులు చెడిపోయాయి. బ్యాంకు కార్డులు, ఏటీఎంలు గంటల తరబడి ఆగిపోయాయి. గదిలో ఉన్న ప్రతి డిస్కుకూ ఆ చప్పుడు సమానంగానే వినబడింది మరి.

ఎస్‌ఎస్‌డీకి చప్పుడు భయం లేదు. దానికి వేరే బాధలు: సన్నని గదుల్లో ఎలక్ట్రాన్లను బంధించి దాచే పద్ధతి కాబట్టి ప్రతి రాతకూ గది గోడ కాస్త అరుగుతుంది. చిప్‌ల పరిశ్రమకు ప్రమాణాలు పెట్టే జెడెక్ సంస్థ ప్రమాణం ప్రకారం, రాతల ఆయుష్షు పూర్తయిన సర్వర్ తరగతి ఎస్‌ఎస్‌డీ కరెంటు లేకుండా 40 డిగ్రీల వేడిలో 3 నెలలు డేటా నిలుపుకుంటే చాలు. రిటైరైన సర్వర్‌ను ‘ఎప్పుడైనా కావాలంటే చూద్దాం’ అని స్టోర్ రూములో పడేసి, మన మే నెల దాటించే అలవాటున్నవాళ్ళు ఇది గుర్తుపెట్టుకోవాలి.

మిగతా శరీరం సంగతి త్వరగా చెప్పుకుందాం. సర్వరుకు రెండు పవర్ సప్లైలుంటాయి. రెండు వైర్లూ ఒకే యూపీఎస్‌కో, ఇంకా దారుణంగా ఒకే స్పైక్ బస్టర్‌కో పెట్టిన చోట్లు మన చిన్న ఆఫీసుల్లో కొల్లలు. అప్పుడు రెండోదానికి డబ్బు దండగ. ఒకటి యూపీఎస్ ఎ మీద, ఇంకొకటి యూపీఎస్ బి మీద, కుదిరితే వేరే ఫేజు మీద ఉండాలి. ర్యామ్ విషయానికొస్తే, 2009లో గూగుల్ సర్వర్ల మీద జరిగిన పరిశీలనలో ఏడాదిలో దాదాపు 8 శాతం ర్యామ్ స్టిక్కులు కనీసం ఒక తప్పు చేశాయి. సర్వర్లలో వాడే ఈసీసీ ర్యామ్ ఒక బిట్ తప్పును తానే దిద్దుకొని లాగ్‌లో రాస్తుంది. ఒకే స్లాటు పేరు మళ్ళీ మళ్ళీ కనబడితే దాన్ని మార్చెయ్యాలి. మన టెక్నీషియన్లు ర్యామ్ తీసి పెన్సిల్ రబ్బరుతో రుద్ది మళ్ళీ పెడతారు, అది పనిచేస్తుంది కూడా. నిజానికి ఎక్కువసార్లు పనిచేసింది తీసి మళ్ళీ గట్టిగా కూర్చోబెట్టడం. రబ్బరు వల్ల బంగారు పూత అరుగుతుంది, పొట్టు స్లాటులో పడుతుంది.

‘సర్వర్ ఉన్నట్టుండి నెమ్మదించింది’ అన్న ఫిర్యాదుకు ఒక పాత దొంగ ఉన్నాడు: రెయిడ్ కార్డు మీది బ్యాటరీ. ఈ కార్డు రాయాల్సిన డేటాను ముందు తన మెమరీలో పెట్టుకొని ‘రాసేశాను’ అని చెప్పేస్తుంది, తర్వాత తీరిగ్గా డిస్కు మీదికి ఎక్కిస్తుంది. కరెంటు పోతే ఆ మెమరీని నిలిపేది బ్యాటరీ. బ్యాటరీ చచ్చిందని తెలియగానే కార్డు జాగ్రత్తపడి ప్రతి రాతనూ నేరుగా డిస్కుకు పంపడం మొదలుపెడుతుంది. అన్నీ సక్రమంగానే ఉంటాయి, వేగం మాత్రం పడిపోతుంది. డేటాబేసును తిట్టి, నెట్‌వర్క్‌ను తిట్టి, చివరికి విండోస్ మళ్ళీ ఇన్‌స్టాల్ చేసినా ఇది పోదు. ఏ మరమ్మత్తుకైనా ముందు సర్వర్‌లోని మేనేజ్‌మెంట్ చిప్ (ఐలో అనో ఐడ్రాక్ అనో పిలుస్తారు) లాగ్ చదవమనేది ఇందుకే. సర్వరు ఆఫ్‌లో ఉన్నా, కరెంటు వైరు తగిలించి ఉంటే చాలు, అది మేలుకొనే ఉంటుంది.

మనిషి చేతి సంగతి కూడా చెప్పాలి. ఒక డిస్కు పోయిన రెయిడ్ 5లోంచి పొరపాటున బాగున్న డిస్కును లాగెయ్యడం చాలాచోట్ల జరిగే ప్రమాదం. దీనికి ఒక కారణం నవ్వొచ్చేంత చిన్నది. చాలా సర్వర్లలో స్లాట్ల లెక్క సున్నాతో మొదలవుతుంది. ఫోన్లో ‘మూడోది మార్చండి’ అని చెబితే, అవతలివాడు ఎడమనుంచి ఒకటి, రెండు, మూడు అని లెక్కపెట్టి స్లాట్ 2లో ఉన్నది లాగుతాడు. డిస్కు లైటును మిణుకుమనిపించే బటన్ కంట్రోలర్ సాఫ్ట్‌వేర్‌లో ఉంటుంది. అది నొక్కి, సీరియల్ నంబరు సరిచూసి, అప్పుడు చెయ్యి పెట్టాలి.

ఇక్కడిదాకా చేత్తో ముట్టుకోగలిగిన వస్తువుల గురించి. డ్రైవర్ అనేది ముట్టుకోలేనిది: ఆపరేటింగ్ సిస్టమ్‌కూ హార్డ్‌వేర్‌కూ మధ్య మాట్లాడే ప్రోగ్రాము. మామూలు ప్రోగ్రాము తప్పు చేస్తే దాన్ని మూసేసి మిగతా పని నడుపుకోవచ్చు. డ్రైవర్ మాత్రం కెర్నెల్ అనే గర్భగుడిలోనే ఉండి పనిచేస్తుంది, అక్కడ తప్పు జరిగితే మొత్తం యంత్రం ఆగాలి. 2003లో వాషింగ్టన్ విశ్వవిద్యాలయం పరిశోధకుల పత్రం ఒకటి, విండోస్ ఎక్స్‌పీలో అప్పటికి నమోదవుతున్న వైఫల్యాల్లో 85 శాతానికి డ్రైవర్లే కారణమని చెప్పింది. ఆపరేటింగ్ సిస్టమ్ రాసినవాళ్ళు ఒక కంపెనీ, డ్రైవర్లు రాసేవాళ్ళు వందల కంపెనీలు.

2024 జులై 19, శుక్రవారం. మన గడియారం ప్రకారం ఉదయం 9 గంటల 39 నిమిషాలు. క్రౌడ్‌స్ట్రైక్ అనే భద్రతా సాఫ్ట్‌వేర్ కంపెనీ ప్రపంచమంతా ఉన్న తన విండోస్ కస్టమర్లకు చిన్న ఫైలొకటి పంపింది. కెర్నెల్‌లో పనిచేసే వాళ్ళ డ్రైవర్ ఆ ఫైలును చదవాలి. ఫైలు 21వ విలువ కోసం అడిగింది, డ్రైవరుకు అందినవి 20. లేని 21వ దాని కోసం తనది కాని మెమరీలో చెయ్యి పెట్టగానే విండోస్ నీలి తెర చూపించి ఆగిపోయింది. మళ్ళీ స్టార్టవగానే అదే డ్రైవరు, అదే ఫైలు, అదే నీలి తెర. 78 నిమిషాల్లో కంపెనీ ఆ ఫైలును వెనక్కి తీసుకుంది, అప్పటికే దాదాపు 85 లక్షల యంత్రాలు పడిపోయాయి. మైక్రోసాఫ్ట్ చెప్పిన ఆ సంఖ్య ప్రపంచంలోని విండోస్ యంత్రాల్లో ఒక శాతం కన్నా తక్కువే. కానీ ఆ ఒక్క శాతంలో విమానాశ్రయాలు, ఆసుపత్రులు, బ్యాంకులు ఉన్నాయి. ఆ రోజు హైదరాబాదు నుంచి కోల్‌కతా వెళ్ళే ఇండిగో ప్రయాణికుడొకరికి పెన్నుతో రాసిచ్చిన బోర్డింగ్ పాసు ఫొటో దేశమంతా తిరిగింది.

ఇక్కడ కూడా అదే కథ. సర్వర్లు వేరు, ఊళ్ళు వేరు, దేశాలు వేరు. వాటన్నిటిలో ఉన్న డ్రైవరు ఒకటే, అది తినే ఫైలు ఒకే నిమిషంలో అందరికీ చేరింది. బాగుచెయ్యడానికి మనిషి ఒక్కో యంత్రం దగ్గరికి వెళ్ళి, సేఫ్ మోడ్‌లో తెరిచి, ఆ ఫైలు చెరిపెయ్యాలి. డిస్కుకు బిట్‌లాకర్ తాళం వేసి ఉంటే 48 అంకెల తాళంచెవి చూసి కొట్టాలి. ఆ తాళంచెవుల జాబితా దాచిన సర్వరు కూడా నీలి తెర మీదే ఉన్నచోట ఆ శుక్రవారం ఎలా గడిచిందో మీరే ఊహించుకోండి.

సర్వర్ డ్రైవర్ల విషయంలో నా అభిప్రాయం కొంచెం పాతకాలపుది. బాగా నడుస్తున్న నెట్‌వర్క్ కార్డుకు కొత్త డ్రైవర్ వచ్చిందని ఎక్కించడం నాకు నచ్చదు. కానీ 32,768 గంటల సంగతి చూశాక ‘నడుస్తున్నదాన్ని ముట్టుకోవద్దు’ అన్న సూత్రం కూడా చెల్లదు. మధ్యేమార్గం ఒకటుంది: డ్రైవరూ ఫర్మ్‌వేరూ జోడీగా, తయారీదారు కలిపి పరీక్షించిన వెర్షన్లే తీసుకోవడం, విడుదల కాగితం చదవడం, ముందు ఒక్క సర్వర్లో పెట్టి వారం ఆగడం. జంటగా పనిచేసే రెండు సర్వర్లకు ఒకే రాత్రి అప్‌డేట్ చెయ్యడం మాత్రం వద్దు. డిస్కు కంట్రోలర్ డ్రైవరైతే ఇంకా జాగ్రత్త. అది తేడా చేస్తే విండోస్‌కు తానున్న డిస్కే కనబడదు, వెనక్కి తిప్పుకోడానికి లోపలికి వెళ్ళే దారి కూడా ఉండదు.

డ్రైవర్ల తర్వాత యూజర్ ప్రొఫైల్ (ఒక్కో మనిషి ఫైళ్ళూ సెట్టింగులూ) దగ్గరికి వస్తే బాధ పూర్తిగా మనిషిది. పొద్దున్నే అకౌంట్స్ సెక్షన్‌లో మేడమ్ లాగిన్ అవుతారు. డెస్క్‌టాప్ ఖాళీ. కొత్త కంప్యూటర్లో ఉన్నట్టు నీలం వాల్‌పేపరు. ‘నా ఫైళ్ళన్నీ పోయాయి బాబూ!’ అని ఫోను. నూటికి తొంభై పాళ్ళు ఏమీ పోలేదు. విండోస్‌లో ప్రతి యూజరుకూ ఒక ఫోల్డరు, అందులో ఎన్‌టీ యూజర్ డాట్ అనే ఫైలు ఉంటాయి. ఆ యూజరు సెట్టింగులన్నీ ఆ ఫైల్లోనే. లాగిన్ సమయంలో దాన్ని ఏ యాంటీవైరసో పట్టుకొని ఉన్నా, డిస్కు నిండిపోయినా, ఆ ఫైలున్న సెక్టారు పాడైనా విండోస్ అసలు ప్రొఫైల్ తెరవలేక తాత్కాలిక ప్రొఫైల్ ఒకటి చేతిలో పెడుతుంది. 2020 ఫిబ్రవరిలో కేబీ4532693 అనే విండోస్ 10 అప్‌డేట్ వచ్చాక ఎందరికో ఇలాగే జరిగింది. పాత ఫోల్డర్లు పేరు మారి పక్కనే ఉన్నాయి.

ఇందులో ప్రమాదం ఫోను వచ్చాక మొదలవుతుంది. ఆమె ఆ ఖాళీ డెస్క్‌టాప్ మీదే సాయంత్రం దాకా పనిచేసి, ఫైళ్ళు అక్కడే సేవ్ చేసి, లాగ్ ఆఫ్ చేస్తే తాత్కాలిక ప్రొఫైల్‌తో పాటు ఆ రోజు పనంతా చెరిగిపోతుంది. కాబట్టి మొదటి మాట ‘అందులో ఏమీ సేవ్ చెయ్యకండమ్మా’ అని. ఆ తర్వాత రిజిస్ట్రీలో (విండోస్ తన సెట్టింగులు దాచుకునే చోటు) ప్రొఫైల్ లిస్ట్ తెరిస్తే ఆమె గుర్తింపు సంఖ్య రెండుసార్లు కనబడుతుంది, ఒకదాని చివర ‘.బాక్’ అని ఉంటుంది. అదే అసలుది. ముందు రిజిస్ట్రీని బ్యాకప్ తీసి, తాత్కాలికదాన్ని పక్కకు తప్పించి, అసలుదానికి పాత పేరు ఇస్తే చాలాసార్లు డెస్క్‌టాప్ వెనక్కి వస్తుంది. ఇదే ఫిర్యాదు ఒకే రోజు ముగ్గురి నుంచి వస్తే రిజిస్ట్రీ జోలికి పోకుండా సర్వర్ డిస్కు నిండిందేమో, పాడవుతోందేమో చూడాలి.

ప్రొఫైళ్ళను సర్వర్లో పెట్టే పద్ధతి పాతదే. లాగిన్ అయినప్పుడు కిందికి, లాగ్ ఆఫ్ అయినప్పుడు పైకి కాపీ అయ్యే రోమింగ్ ప్రొఫైళ్ళలో, డెస్క్‌టాప్ మీద పెళ్ళి వీడియో పెట్టుకున్న ఒక్క ఉద్యోగి వల్ల అతని లాగిన్ పావుగంట పడుతుంది. ఇప్పుడు ఎక్కువగా వాడే ఎఫ్ఎస్‌లాజిక్స్ ఒక్కో యూజరు ప్రొఫైల్‌ను ఒకే వర్చువల్ డిస్కు ఫైలుగా సర్వర్లో ఉంచి, లాగిన్ కాగానే తగిలిస్తుంది. లాగిన్ వేగం మారిపోయింది. దానికి బదులు, ఆ ఫైళ్ళున్న ఒక్క షేర్డ్ ఫోల్డరు ఆగితే ఆఫీసులో ఏ ఒక్కరికీ డెస్క్‌టాప్ ఉండదు.

అసలు లాగిన్ కాకపోవడానికి నాకిష్టమైన కారణం ఒకటుంది. విండోస్ డొమైన్లలో వాడే కెర్బెరోస్ పద్ధతి, యూజరు యంత్రం గడియారానికీ సర్వర్ గడియారానికీ 5 నిమిషాలకు మించి తేడా ఉంటే నమ్మదు. మదర్‌బోర్డు మీద రూపాయి బిళ్ళంత సీఆర్2032 బ్యాటరీ చచ్చి, వేసవి సెలవులకు ఆపేసిన కంప్యూటరు పాత తేదీతో లేస్తే, పాస్‌వర్డ్ సరిగ్గా కొట్టినా లోపలికి రానివ్వదు. పాస్‌వర్డ్ నాలుగుసార్లు మార్చినా రానివ్వదు.

చివరికి బ్యాకప్. రెయిడ్ ఉంది కదా బ్యాకప్ ఎందుకనేవాళ్ళు ఇప్పటికీ ఉన్నారు. పొరపాటున చెరిపిన ఫైలును రెయిడ్ అన్ని డిస్కుల మీదా శ్రద్ధగా చెరుపుతుంది. 2017 జనవరి 31 రాత్రి గిట్‌ల్యాబ్ కంపెనీలో అలసిపోయిన ఇంజనీరొకరు రెండో సర్వర్లో చెరపాల్సిన ఫోల్డరును ప్రధాన సర్వర్లో చెరిపారు. 300 గిగాబైట్లలో 4.5 మిగిలింది. బ్యాకప్ కోసం పెట్టుకున్న పద్ధతులు ఒక్కొక్కటే తెరిచి చూశారు. రోజూ డేటాబేసును కాపీ చేసే ప్రోగ్రాము, డేటాబేసు కన్నా పాత వెర్షన్ది కావడంతో చాలాకాలంగా విఫలమవుతోంది. ఆ సంగతి చెప్పే ఈమెయిళ్ళను మెయిల్ సర్వర్ సంతకం లేదని తిరస్కరిస్తోంది. కాపీలుండాల్సిన చోటు ఖాళీ. దొరికింది ఒక్కటే, వేరే పరీక్ష కోసం ఒకరు ఆరు గంటల ముందు తీసిపెట్టుకున్న స్నాప్‌షాట్. మెచ్చుకోవాల్సిందేమిటంటే, ఇదంతా కంపెనీ తానే బయటపెట్టింది, బాగుచేసే పనిని యూట్యూబ్‌లో ప్రత్యక్షంగా చూపించింది.

దక్షిణ కొరియా ప్రభుత్వానికి ఆ మాత్రం అదృష్టం కూడా దక్కలేదు. 2025 సెప్టెంబరు 26న డేజాన్‌లోని జాతీయ డేటా కేంద్రంలో యూపీఎస్ లిథియం బ్యాటరీలను తరలిస్తుండగా నిప్పంటుకుంది. ఉద్యోగులు తమ ఫైళ్ళు దాచుకునే జీ-డ్రైవ్ పూర్తిగా కాలిపోయింది. అందులో 858 టెరాబైట్లున్నాయి. బయట ఎక్కడా కాపీ లేదు. అంత పెద్దదాన్ని కాపీ తియ్యడం కష్టమని వదిలేశారు. అమెజాన్ 2022లో హైదరాబాదులో తెరిచిన క్లౌడ్ ప్రాంతాన్ని మూడు వేరువేరు జోన్లుగా కట్టడం, ఒక భవనంలో నిప్పు, కరెంటు, నీళ్ళు ఇంకో భవనం దాకా రాకూడదనే. ఆ మూడింటిలో రెండింటిని వాడుకోవాలంటే మాత్రం అద్దె అదనం, కాబట్టి చాలామంది ఒకదాంట్లోనే ఉంటారు.

గిట్‌ల్యాబ్ కథలో తక్కువమంది పట్టించుకున్న వివరం ఒకటుంది. స్నాప్‌షాట్ దొరికాక దాన్ని ప్రధాన సర్వర్‌కు కాపీ చెయ్యడానికి దాదాపు 18 గంటలు పట్టింది, ఎందుకంటే అది ఉన్న పరీక్ష సర్వర్‌కు చవకైన నెమ్మది డిస్కులు వేశారు. బ్యాకప్ ఉందా అని అడిగేవాళ్ళు, అది వెనక్కి రావడానికి ఎంతసేపు పడుతుందని అడగరు. 10 టెరాబైట్ల డేటా సెకనుకు ఒక గిగాబిట్ లైను మీద, మధ్యలో ఎక్కడా తడబడకుండా వస్తే 22 గంటలు పడుతుంది. 100 మెగాబిట్ల ఇంటర్నెట్ మీద క్లౌడ్‌లోంచి దింపుకోవాలంటే తొమ్మిది రోజుల పైనే.